ఒక బిడ్డ కూర్చుండు చోటు



మన గ్రామ సంఘములలో విమానమెక్కినవారు కొద్దిమందే యుందురు. అయినను కుమారుడో కుమార్తెయో అమెరికా దేశములో నున్న గృహములు ఇప్పుడు మనలో అరుదు కావు. వారు సెలవులకు బయలుదేరుచున్నారని తెలియగానే ఇక్కడ తాతయు నాయనమ్మయు దినములు లెక్కపెట్టుకొందురు. ఆ వచ్చువారిలో మెడ నిలువని బిడ్డ, నడుము నిలువని బిడ్డ యొకడున్నయెడల వాడెట్లు వచ్చునో మనము ఆలోచింపము. "వాడికోసం పెద్ద సీటొకటి మోసుకొస్తున్నారట, ఒళ్లో కూచోబెట్టుకోకూడదూ?" అని మాత్రము తేలికగా అనుచుందుము. ఈ నెల ఆ మాటనే కొంచెము పరిశీలింతము. చూచుటకు చిన్న సంగతియే గాని, సమానముగా చూచుట యనగా నేమి అను ప్రశ్న దానిలో దాగియున్నది.

పుట్టుకకు ముందుగాని, పుట్టునపుడుగాని, పసితనములోగాని మెదడునకు కలిగిన హానివలన కండరములు స్వాధీనములో నుండని బిడ్డలున్నారు. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. ఈ బిడ్డలలో కొందరికి బుద్ధి చక్కగానే యుండును. మన మాటలన్నియు వినుచునే యుందురు, బదులు చెప్పుటకు నోరు తిరుగదు. ఎనిమిదేండ్లవాడైనను కూర్చుండబెట్టినచో ప్రక్కకు ఒరిగిపోవును. ఇట్టివారిని కారులో తీసికొనిపోవుటకై ప్రత్యేకముగా చేసిన సీట్లున్నవి. తలకు ఇరుప్రక్కల ఆసరా, నడుమునకు ఇరుప్రక్కల దిండ్లు, భుజములమీదుగాను తొడల ప్రక్కలనుండియు కాళ్ల నడుమనుండియు వచ్చి ఒకచోట కలిసికొను పట్టీలు వాటికుండును. సామాన్యమైన పిల్లల సీటు కొలది యేండ్లకే చిన్నదగును. ఇది పెద్దపిల్లలకు సరిపోవలెను గనుక దీని వెడల్పు ఎక్కువ, బరువు ఎక్కువ, వెల మరియు ఎక్కువ.

విమానపు సామాన్య తరగతిలో ప్రయాణికునికుండునది నడుముమీది పట్టీ యొక్కటే. కారులోవలె భుజముమీదికి పట్టీ రాదు. మనకది చాలును. విమానము కుదిపినపుడు మనము పాదములు ఆనించి, చేతులు బిగించి, మెడ నిలుపుకొందుము. ఆ పని మన శరీరము తనంతట తానే చేయుచున్నదని మనకు తెలియను కూడ తెలియదు. అది చేయలేని బిడ్డకు అదే పట్టీ కట్టి, అందరికిచ్చినదే నీకును ఇచ్చితిమి, పక్షపాతము చూపలేదు అని చెప్పుట న్యాయమగునా? మా మట్టుకు మాకది న్యాయముగా తోచదు. ఊరిలోని పిల్లలందరికి ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినవాడు బట్టను సమానముగానే పంచెను; పిల్లలకు మాత్రము చొక్కాలు దొరకలేదు.

మరి తల్లి ఒడి సంగతి యేమి? మన కన్నులకు దానికంటె భద్రమైన చోటు లేదు. 1989వ సంవత్సరము జూలై 19వ తేదీన అమెరికాలో 296 మందితో పోవుచున్న విమానమొకటి, తోకనున్న ఇంజను పగిలి స్వాధీనము తప్పి, సూ సిటీ యను పట్టణమునొద్ద దిగబోయి ముక్కలైనది. 112 మంది మరణించిరి. ఆ విమానములో టిక్కెట్టు లేక తలిదండ్రుల ఒడిలో వచ్చుచున్న పిల్లలు నలుగురుండిరి. దిగుటకు ముందు వారిని నేలమీద పెట్టి పట్టుకొనుడని, ఆనాటి పద్ధతి చొప్పున, విమాన సిబ్బందిలోని జాన్ బ్రౌన్ అను ఆమె చెప్పెను. ఒక బిడ్డ తల్లి చేతులలోనుండి జారిపోయి మరణించెను. జాన్ బ్రౌన్ ప్రాణముతో బయటపడి, పసిపిల్లలకును ప్రత్యేకమైన సీటుండవలెనని ఆ తరువాత అనేక సంవత్సరములు ప్రభుత్వమును అడుగుచు వచ్చెను.

సౌలు మనుమడైన మెఫీబోషెతు సంగతి మనకు తెలిసినదే. యుద్ధవార్త విని దాది వానిని ఎత్తుకొని పరుగెత్తినది. వాడు ఐదేండ్లవాడు. ఆమెకు ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రేమ లేనిదైనచో వానిని విడిచి తానొక్కతియే పారిపోయియుండును. అయినను ఆ తొందరలో బిడ్డ పడిపోయెను, రెండు కాళ్లును చెడెను. కాబట్టి తల్లి చేతులు చాలవని చెప్పుట తల్లిని నిందించుట కాదు. చేతుల బలమునకు మేర యున్నదని తెలిసికొని, ఆ పనికి తగిన సాధనమును వెదకుట తల్లితనములోనిదే.

ఆ వెదకుటలో ఎంత శ్రమ యున్నదో మనవారు చూచుట మంచిది. బిడ్డకు రెండేండ్లు నిండిన పిమ్మట టిక్కెట్టు కొనక తప్పదు. సీటుమీద ఎర్రని అక్షరములతో ఒక వ్రాత యుండవలెను. మోటారు వాహనములకును విమానములకును ఇది తగినదని దాని తాత్పర్యము. ఆ చీటి ఊడిపోయినచో విమానపు ద్వారమునొద్ద ఎంత వాదించినను లాభము లేదు గనుక తలిదండ్రులు దానిని జాగ్రత్తగా కాపాడుకొందురు. విమానములోని సీటు సాధారణముగా 17 లేక 18 అంగుళముల వెడల్పు మాత్రమే యుండును గనుక ఇంటనే టేపుతో కొలిచి చూచుకొందురు. అంత పెద్ద సీటు మోయలేనివారికి మరియొక సాధనమున్నది. విమానపు సీటు వీపునకు చుట్టి భుజములమీదుగా బిగించు పట్టీల కూర్పును 2006లో అమెరికా విమానయాన శాఖవారు అంగీకరించిరి. అది అర కిలో బరువు మాత్రమే. 10 కిలోలనుండి 20 కిలోలవరకు గల బిడ్డలకని హద్దు పెట్టిరి గాని, నడుము నిలువని పెద్దవారు కూడ వాడుకొనుటకు పిమ్మట మినహాయింపు ఇచ్చిరి. అయితే తల నిలువని బిడ్డకు అది చాలదు. పెద్ద సీటే కావలెను.

అమెరికా ప్రభుత్వము 1986లో ఒక చట్టము చేసెను. అంగవైకల్యమును కారణముగా చూపి ఏ విమాన సంస్థయు ఎవరిని త్రోసివేయగూడదని దాని సారాంశము. 2009 నుండి ఆ దేశమునకు వచ్చిపోవు విదేశ విమానములకును ఆ నియమములు వర్తించుచున్నవి. మన తెలుగు కుటుంబములకు ఇది ఎంత మేలైనదో చెప్పనక్కరలేదు.

విమానమువారి పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. ప్రమాదము సంభవించినపుడు సగము ద్వారములు మాత్రమే తెరచుకొనినను 90 సెకండ్లలో అందరును బయటపడునట్లు పెద్ద విమానములను పరీక్షించి అనుమతింతురు. గనుక ఈ పెద్ద సీటు ఇతరుల త్రోవకు అడ్డు రాగూడదు, కిటికీ ప్రక్కనే పెట్టవలెను, అత్యవసర ద్వారముల వరుసలో పెట్టగూడదు అను నియమములున్నవి. ఇవి న్యాయమైనవే. మనము చూడవలసినది, భద్రత యను మాట నిజముగా భద్రత కొరకే పలుకబడుచున్నదా, లేక మన కంటికి వింతగా నున్న బిడ్డను దూరముగా నుంచుటకు తెరవలె వాడబడుచున్నదా యనునదే.

2022 మే 7వ తేదీన రాంచీనుండి మన హైదరాబాదుకు రావలసిన ఒక కుమారునికి ఇట్లే జరిగెను. ప్రత్యేక అవసరములు గల ఆ పిల్లవాడు విమానాశ్రయములో కలతచెందెను. ఇతర ప్రయాణికుల భద్రతకు భంగమని చెప్పి సిబ్బంది వానిని ఎక్కనీయలేదు. విచిత్రమేమనగా, ఎవరి భద్రత పేరు చెప్పిరో ఆ ప్రయాణికులే లేచి, మాకేమియు అభ్యంతరము లేదనిరి. వారిలోనున్న వైద్యులు, త్రోవలో ఏమైనను మేము చూచుకొందుమనిరి. అయినను ఆ కుటుంబము ఆ దినమున నిలిచిపోయెను. ఆ నెల 28వ తేదీన పౌర విమానయాన శాఖవారు ఆ సంస్థకు 5 లక్షల రూపాయల జరిమానా విధించిరి. జూలైలో నియమమును సవరించి, ప్రయాణికుని ఆరోగ్యము త్రోవలో చెడునని సందేహమున్నచో విమానాశ్రయములోని వైద్యుడు వానిని స్వయముగా చూచి అభిప్రాయము చెప్పవలెననియు, అంగవైకల్యము మాత్రమే కారణముగా ఎవరిని నిరాకరింపగూడదనియు ఏర్పాటు చేసిరి. సంస్థ అధిపతి ఆ పిల్లవానికి విద్యుత్తుతో నడచు చక్రముల కుర్చీ కొనియిచ్చెదనని చెప్పెను. దయగల మాటయే. కాని ఆ దినమున వానికి కావలసియుండినది తన టిక్కెట్టుమీద వ్రాసియున్న చోటు. దానమిచ్చుట మనకు సులభము. బాకీ తీర్చుట కష్టము.

ఇంతకు పూర్వము 2012లో కలకత్తాలో జీజా ఘోష్ అను విద్యావంతురాలిని, సెరిబ్రల్ పాల్సీ గల ఆమెను, కూర్చున్న సీటులోనుండి లేపి దించివేసిరి. ఆమె గోవాలో జరుగు సభకు పోవుచుండెను. 2016 మే నెలలో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయలు చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఆ సభ అప్పటికి జరిగిపోయి నాలుగేండ్లాయెను.

ఇక ఖర్చు సంగతి. 2005లో అమెరికా విమానయాన శాఖవారు ఒక లెక్క వేసిరి. రెండేండ్లలోపు బిడ్డలకును సీటు తప్పనిసరి చేసినయెడల టిక్కెట్టు కొనలేని కుటుంబములు రోడ్డుమీద కారులలో పోవుననియు, రోడ్డు విమానముకంటె అపాయకరము గనుక ఎక్కువమంది మరణింతురనియు చెప్పి, ఆ నియమము చేయక విడిచిరి. ఈ లెక్కను మేము తేలికగా త్రోసివేయము. ఎక్కువ ప్రాణములు నిలుపవలెనను తలంపు మంచిదే. కాని ఈ లెక్కయంతయు ఒక మాటమీద నిలిచియున్నది. ఆ సీటు వెలను ఆ యింటివారే భరింపవలెనని ముందుగానే అనుకొనిరి. అట్లని ఎవరు నిర్ణయించిరి? ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో క్రొత్త యిల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ యున్నది. మిద్దె పైని ఎవడును పడిపోకుండునట్లు చుట్టు పిట్టగోడ కట్టవలెను. ఆ గోడ ఖర్చు పడిపోగలవానిమీద వేయబడలేదు, ఇల్లు కట్టినవానిమీద వేయబడెను. మెట్లెక్కి వచ్చువారిలో పసివాడుండవచ్చును, కన్నులు కనబడని ముసలివాడుండవచ్చును. వారు తమ గోడ తాము తెచ్చుకొనవలెనని ధర్మశాస్త్రము చెప్పలేదు. విమానములు కట్టువారికిని నడుపువారికిని ఈ మాట వర్తింపదా? నడుము నిలువని బిడ్డకు సరిపడు సీట్లను ప్రతి విమానాశ్రయములో కొన్ని ఉంచి, ఆ ఖర్చును టిక్కెట్టు కొనువారందరిమీద పంచినచో ఒక్కొక్కరికి వచ్చు భారము స్వల్పమే యగునని మాకు తోచుచున్నది.

మనకు విమానములు లేవు గాని మిద్దెలున్నవి. మండలములోని భవిత కేంద్రమునకు బిడ్డను తీసికొనిపోవు తల్లి, పదేండ్లవానిని చంకనెత్తుకొని షేరు ఆటోకొరకు ఎండలో నిలుచుండుట మనము చూచుచున్నాము. ఆటో నిండియుండును; ఒరిగిపోవు బిడ్డకు రెండు చోట్లు కావలెను. "రెండు టిక్కెట్లు ఇస్తావా అమ్మా?" అని అడుగుదురు. అందుచేత నెలకు రెండుసార్లు పోవలసినది ఒకసారియగును, పిమ్మట అదియు మానుకొనును. గుడిలో సహితము ఆ తల్లి వెనుక తలుపు ప్రక్కననే కూర్చుండును. బిడ్డ అరచినయెడల బయటికి పోవుటకు వీలుగా నుండుననియట. మెట్లమీద వాలుదారి కట్టించుటకు సంఘమునకు ఎన్ని బస్తాల సిమెంటు పట్టునో పెద్దలు లెక్క వేసి చూచిరా?

అనేక విమానములలో ఇట్టి కుటుంబములను అందరికంటె ముందుగా లోపలికి పోనిత్తురు. సీటు లోపలికి చేర్చి, నడుముపట్టీని దాని వెనుకనుండి దూర్చి బిగించి, బిడ్డను ఎత్తి కూర్చుండబెట్టి, ఐదు పట్టీలు సరిచేయుటకు పది నిమిషములు పట్టవచ్చును. అంతవరకు తక్కినవారు వరుసలో నిలుచుందురు. కొందరు గడియారము చూచుకొందురు.

యాకోబు తన పిల్లలతోను మందలతోను తిరిగి వచ్చుచుండగా ఏశావు ఎదురై, కలిసి పోదము రమ్మనెను. ఏశావు వెంట నాలుగు వందలమంది నడకరులుండిరి. పిల్లలు పసివారు, ఒక్కదినము వడిగా తోలినను మంద చచ్చును గనుక నీవు ముందు సాగుము, నేను వీరి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదనని యాకోబు చెప్పెను. అతని మనస్సులో అన్న భయము కూడ ఉండెనేమో, ఆ సంగతి ఇక్కడ మనకక్కరలేదు. ఏశావు ఆ దినముననే శేయీరు చేరు త్రోవ పట్టెను. యాకోబు సుక్కోతువరకు వచ్చి, పశువులకు పాకలు వేయించి, అక్కడ ఆగెను.