మేనమామ పేరు ఎక్కడ పెట్టాలి

చిన్నప్పుడు బొమ్మలు బాగా వేస్తే ఊళ్లో ఒక హోదా వస్తుంది. బడి వార్షికోత్సవానికి స్టేజీ వెనక సరస్వతిని వేసేది ఆ పిల్లే. సైన్సు రికార్డులో కప్ప బొమ్మ గీసిపెట్టమని పై తరగతి వాళ్లు కూడా ఆ పిల్ల దగ్గరికే వస్తారు. మా చుట్టాల్లో నా పేరు మరిచిపోయినవాళ్లున్నారు గానీ ‘బొమ్మలేసే పిల్ల’ అంటే గుర్తుపట్టనివాళ్లు లేరు. ఆ హోదాను నమ్ముకునే బీఎఫ్‌ఏలో అప్లైడ్ ఆర్ట్ తీసుకున్నాను. ఇప్పుడు చివరి సంవత్సరం. సాయంత్రాలు హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఒక పెళ్లికార్డుల దుకాణంలో డిజైన్లు చేస్తున్నాను. నేను బొమ్మలు ఎంత బాగా వేస్తానన్నది అక్కడికి వచ్చేవాళ్లెవరికీ అక్కర్లేదు. ఇందుకు బాధపడాలా, లేక ఈ వృత్తిలో ముందుగా నేర్చుకోవాల్సింది ఇదేనా అని కొన్నాళ్లుగా నాలో నేనే వాదించుకుంటున్నాను.

పెయింటింగ్ విభాగంలో ఉన్న స్నేహితులకు ఈ బెడద లేదు. కాన్వాసు నిండా తమకు తోచింది వేస్తారు, కింద మూలన సంతకం పెడతారు. నచ్చినవాళ్లు కొంటారు, నచ్చనివాళ్లు ముందుకు నడుస్తారు. మాది అలా కాదు. మేం చేసే ప్రతి పనీ ఇంకొకరు చెప్పదలచుకున్న మాట. పాల ప్యాకెట్టు మీద, మందుసీసా లేబులు మీద, కరెంటు బిల్లు మీద అక్షరాలు వాటంతటవే సర్దుకోలేదు. ఎవరో కూర్చుని సర్దారు. వాళ్ల పేరు దాని మీద ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. అయినా కాలేజీలో మమ్మల్ని అడిగేది ‘నీ స్టైల్ ఏమిటి’ అని. జ్యూరీ రోజున గోడకు తగిలించిన షీట్ల ముందు నిలబడి, ఎవరూ అడగని ఒక కాఫీ బ్రాండుకు మేం చేసిన లోగోలో మా అంతరంగం ఎక్కడుందో వివరిస్తాం. మార్కులు పడతాయి. కాఫీ కొట్టు అసలు లేదు కాబట్టి ఓనరు వచ్చి ‘ఈ రంగు మార్చమ్మా’ అనే ప్రమాదమూ లేదు.

దుకాణంలో ఆ ప్రమాదం రోజూ ఉంటుంది. నేను అక్కడ చేసిన తొలి కార్డుల్లో ఒకటి చెప్తాను. మీగడ రంగు కాగితం, చుట్టూ బోలెడంత ఖాళీ, నడిమధ్య వధూవరుల పేర్లు సన్నటి అక్షరాల్లో. క్లాసులో అయితే మెచ్చుకునేవాళ్లు. పెళ్లికూతురి తండ్రి దాన్ని చాలాసేపు చూశాడు. ‘మంచిగుందమ్మా. మా పెద్ద బామ్మర్ది పేరేది?’ అన్నాడు. ఉంది, అడుగున, ‘బంధుమిత్రుల అభినందనలతో’ దగ్గర. ఆయన తల అడ్డంగా ఊపి, కుర్చీ లాక్కుని కూర్చుని, నాకు వాళ్లింటి కథంతా చెప్పాడు. పొలం హద్దు దగ్గర మొదలైన గొడవతో ఆ బామ్మర్ది ఏళ్ల తరబడి వీళ్ల గడప తొక్కలేదు. పిల్ల పెళ్లి కుదిరాక ఈయనే వెళ్లి పిలిచాడు, ఆయన వచ్చాడు. గంపలో పిల్లను మండపానికి తీసుకురావాల్సింది ఆయనే. ఇప్పుడు ఆ పేరు కార్డులో ఎక్కడుందో రెండు ఊళ్లు చూస్తాయి.

క్లాసులో హైరార్కీ అని ఒక పాఠం చెప్తారు. ముఖ్యమైనది పెద్దగా, మందంగా, పైన; మిగతావి చిన్నగా, పలచగా, కింద. పాఠం సరైనదే. ఏది ముఖ్యమో ఎవరు తేలుస్తారన్నది మాత్రం అందులో ఉండదు. శుభలేఖ చూడండి. పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’, దాని కింద ఇంటి ఇలవేల్పు, ఆ తర్వాత పోయిన పెద్దలు కీర్తిశేషులుగా, బతికున్న తాతయ్య నాయనమ్మలు ఆశీర్వదించేవారుగా, అటుపై తల్లిదండ్రులు, చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి, ముహూర్తం, విందు, ఆహ్వానించువారు. చదువుకున్నవాళ్ల కంటికి అది ఇరుకు, గజిబిజి. నిజానికి అది ఆ కుటుంబం తన గురించి తాను రాసుకున్న పత్రం: ఎవరు పెద్ద, ఎవరితో రాజీ కుదిరింది, ఎవరు లేరు, ఎవరిని తలుచుకోకుండా శుభకార్యం మొదలుపెట్టరు. నేను వదిలిన ఖాళీ జాగా నాకు ప్రశాంతంగా కనిపించింది. ఆయనకు అది కొంతమందిని పిలవనట్టు కనిపించింది.

ఆ రాత్రి మేనమామలిద్దరి పేర్లూ పై వరసలోకి వచ్చాయి. ఇద్దరిలో ఎవరూ కింద ఉండకూడదు కాబట్టి పక్కపక్కన. ఎడమవైపున్నదే ముందు చదువుతారు కాబట్టి పెద్దాయన ఎడమన. ఒకరి పేరు పొడుగు, ఇంకొకరిది పొట్టి. ఒకే సైజులో పెడితే పొడుగు పేరు ఎక్కువ జాగా తీసుకుని ఎక్కువ మర్యాద తీసుకున్నట్టు ఉంది. పొట్టి పేరు అక్షరాల మధ్య ఎడం వెంట్రుకవాసి పెంచి, రెండో దానిలో అంతే తగ్గించి, కొలతలో సమానం కాని వాటిని కంటికి సమానం చేశాను. ఆ సర్దుబాటు ఎవరికీ కనిపించదు. ‘ఇప్పుడు సక్కగుంది’ అని మాత్రం ఆయన అన్నాడు. కాలేజీలో నాకు వచ్చిన ఏ మెప్పూ అంత పక్కాగా పని గురించి కాదనిపించింది. అవన్నీ నా గురించి.

పక్క కంప్యూటర్ దగ్గర కూర్చునే డీటీపీ ఆపరేటర్ అన్న ఏ కాలేజీకీ వెళ్లలేదు. అనూ ఫాంట్లలో కీబోర్డు వైపు చూడకుండా మ్యాటర్ కొడతాడు. పెళ్లికూతురి పేరు ‘జ్యోత్స్న’ అని వస్తే కొట్టకముందే ఆ లైను కింద జాగా పెంచుతాడు. ‘ఒత్తులు కిందికి దిగుతయి చెల్లె, కింది లైను గుడి వచ్చి గుద్దుకుంటది’ అంటాడు. మాకు పేజీని గళ్లుగా విడగొట్టే గ్రిడ్ గురించి చెప్పేటప్పుడు స్విట్జర్లాండ్ డిజైనర్ యోసెఫ్ ముల్లర్-బ్రోక్‌మన్ 1981లో తెచ్చిన పుస్తకం పేరు తప్పకుండా ఎత్తుతారు. 1957లో వచ్చిన హెల్వెటికా అక్షరాలతో అభ్యాసాలు చేయిస్తారు. గొప్ప క్రమశిక్షణ అది, నాకు ఇష్టం కూడా. అయితే అది ఒకే గీత మీద బుద్ధిగా కూర్చునే అక్షరాల కోసం పుట్టింది. మన అక్షరం పైన గుడి కట్టుకుంటుంది, కింద ఒత్తు వేలాడదీస్తుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటివి వస్తే మూడంతస్తుల ఇల్లే. అదే పాయింటు సైజులో ఇంగ్లిష్‌కు సరిపోయే లైను ఎడం తెలుగుకు సరిపోదు. ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు, అన్న మెడ పక్కకు వంచి స్క్రీన్ చూసే తీరులో దొరికింది. కొన్నేళ్లుగా మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా వాడుకునేలా ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి నా తరానికి అక్షరాల కొరత లేదు. వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో చూసే కళ్లే కావాలి.

మా ఓనరు వాళ్ల నాన్న కాతిబ్. ఉర్దూ పెళ్లికార్డులు, వాల్‌పోస్టర్లు కలంతో రాసేవాడట. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ రాత పని పలచబడుతూ పోయింది. ఆయన ఇంట్లో కూర్చోలేదు. కొడుకు కొన్న కంప్యూటర్ పక్కన స్టూలు వేసుకుని, ఆపరేటర్ కొట్టిన లైను చూసి ‘ఈ నూన్ కొంచెం ఇటు’ అని చూపిస్తూ మరికొన్నేళ్లు పనిచేశాడని ఓనరు చెప్తాడు. ఈ కథ నాకు ధైర్యం చెప్పాలని చెప్తాడో, హెచ్చరించాలని చెప్తాడో తెలియదు. ఎందుకంటే ఇప్పుడు గిరాకీలు ఫోన్లో ఏఐతో చేయించిన కార్డు బొమ్మలు పట్టుకొస్తున్నారు. నెమళ్లు, తోరణాలు, మెరుపులు అన్నీ ఉంటాయి. తెలుగు ఉండాల్సిన చోట మాత్రం చాలాసార్లు తెలుగులా కనిపించే ఏవో చుట్టలు. నవ్వుకుంటాం గానీ, రేపు అక్షరాలు కూడా కుదురుతాయని మాకు తెలుసు. కొత్తవాళ్లకు ఇచ్చే చిన్నాచితకా పనుల మీదే ఆ దెబ్బ ముందు పడుతుంది. మేనమామల కథ విని కార్డు మార్చే పని చిన్నాచితకా పనుల్లోనే దొరుకుతుంది. ఆ మెట్టు తీసేస్తే పై మెట్టు మీదికి ఎవరు ఎలా ఎక్కుతారో నాకు ఊహకందడం లేదు.

మొదటి మెట్టు అనగానే మాకు చెప్పే కథలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థిని కారలిన్ డేవిడ్‌సన్ 1971లో గంటకు 2 డాలర్ల లెక్కన పదిహేడున్నర గంటలు పనిచేసి, 35 డాలర్లకు నైకీ గుర్తు గీసిచ్చింది. ‘తర్వాత కంపెనీ షేర్లు ఇచ్చింది తెలుసా’ అని సీనియర్లు కళ్లు పెద్దవి చేసి చెప్తారు. ఇచ్చింది నిజమే, 1983లో. మధ్యలో ఉన్న పన్నెండేళ్ల సంగతి ఎవరూ చెప్పరు. ఆ అమ్మాయి ఆ కంపెనీకే మరికొన్నేళ్లు డిజైన్లు చేస్తూ పోయింది, పని ఒక్కరు చేయలేనంత పెరిగేదాకా. నాకు ఆ భాగమే ఇష్టం. షేర్లు అదృష్టం, ఆ ఏళ్లు వృత్తి. పైగా ఆమె గంటల లెక్కన బిల్లు వేసింది! మా చుట్టాలు ‘చిన్న లోగోనే కదా, నీకెంతసేపు’ అన్నప్పుడల్లా నాకు ఆ పదిహేడున్నర గంటలు గుర్తొస్తాయి. అడ్వాన్సు అడగడం ఏ సెమిస్టర్‌లో నేర్పుతారో మరి, మా సిలబస్‌లో నాకు తగల్లేదు.

ఇలా చెప్పే ఇంకో కథ సత్యజిత్ రాయ్‌ది. ఆయన 1943లో కలకత్తాలో డి.జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో జూనియర్ విజువలైజర్‌గా చేరినప్పుడు జీతం 80 రూపాయలు. ఆ రోజుల్లోనే సిగ్నెట్ ప్రెస్‌కు అట్టలు వేస్తూ, ‘పథేర్ పాంచాలీ’ పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీస్తూ ఆ కథలో పడ్డాడు. 1955లో సినిమా వచ్చింది. కాబట్టి చిన్న పని చేస్తే పెద్దవాళ్లవుతారని ముగిస్తారు. నాకు ఆ ముగింపు రుచించదు. ఆ ఆఫీసులో పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కూడా రోజంతా అలాంటి ప్రకటనలే చేసి ఉంటారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి వాళ్ల పని వృథా అనగలమా? దూరదర్శన్ గుర్తు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో దేవాశీష్ భట్టాచార్య చదువుకునేటప్పుడు క్లాసు పనిగా గీసింది. దేశంలో తరాల తరబడి జనం దాన్ని చూస్తూ అన్నం తిన్నారు. 2010లో వచ్చిన రూపాయి గుర్తు ఐఐటీ బాంబేలో పరిశోధన చేసిన ఉదయకుమార్‌ది. కిరాణా కొట్టు చీటీ నుంచి బడ్జెట్ పత్రాల దాకా అది లేని చోటు లేదు. రాసే ప్రతివాళ్లూ దాన్ని తమదనుకునే రాస్తారు. గీసినవాడి పేరు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేకుండా పోవడం కంటే ఆ గుర్తుకు కావాల్సిందేముంది?

దీనికి ఎదురు ఉదాహరణగా మాకు వెంటనే తట్టే పేరు బాపు. ఆయన గీత ఎక్కడున్నా పట్టేస్తాం. చేతిరాత ఏకంగా ఫాంటయింది. మా దుకాణానికి వచ్చి ‘బాపు అక్షరాలు పెట్టండి’ అని అడిగేవాళ్లు ఉన్నారు, పెళ్లికూతురికి ‘బాపు బొమ్మ’ కావాలనేవాళ్లు సరే సరి. అంటే సంతకం గెలిచినట్టేగా? నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ ఆయన లా చదివి పత్రికకు కార్టూన్లు వేయడంతో మొదలుపెట్టి, కొంతకాలం ప్రకటనల సంస్థల్లో పనిచేసి, ఎన్ని వందల మంది రచయితల పుస్తకాలకు అట్టలు వేశాడో చూస్తే ఇంకో సంగతి తడుతుంది. ఆ గీత అద్దం ముందు నిలబడి ‘నా స్టైల్ ఏమిటి’ అని వెతుక్కుంటే వచ్చింది కాదు. ఇతరుల కథలు చదివి చదివి, వాళ్ల పాత్రలకు ముఖాలిచ్చి ఇచ్చి, చేతికి మిగిలింది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, బాపు తీసిన ‘సాక్షి’తో సినిమా పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలుపెట్టిన ఈశ్వర్ కూడా అంతే. వేల సినిమాల పోస్టర్ల మీద పెద్దగా కనిపించింది హీరోల ముఖాలే. మూలన చిన్నగా ‘ఈశ్వర్’ అని ఉండేది. ఆ చోటు సరిపోయింది ఆయనకు.

ప్లేస్‌మెంట్లు దగ్గరపడ్డాయి. క్లాసులో అందరం పోర్ట్‌ఫోలియోలు కడుతున్నాం. పేరున్న విమాన సంస్థలకు, ఐస్‌క్రీములకు కొత్త లోగోలు, తెల్లటి మగ్గుల మీదా గుడ్డసంచుల మీదా అచ్చేసినట్టు చూపించే బొమ్మలు. నావీ ఉన్నాయి. వాటి మధ్య ఆ పెళ్లికార్డు పెట్టాను, పెళ్లికూతురి తండ్రిని అడిగి, ఆయన ఒప్పుకున్నాకే. నేను మొదట చేసినదీ, చివరికి అచ్చయినదీ ఎదురెదురు పేజీల్లో. నా స్నేహితురాలు చూసి ‘మొదటిదే బాగుంది కదే, రెండోది ఎందుకు పెట్టావ్, చూసేవాళ్లు నవ్వుతారు’ అంది. అక్షరాల పరంగా ఆమె మాట కొంత నిజం. రెండోదాంట్లో ఆ బంగారు రంగు అంచు నాకు ఇప్పటికీ నచ్చదు, ఆయన పట్టుబట్టి పెట్టించుకున్నాడు.

ఇంటర్వ్యూలో ఎవరైనా ఇందులో నీదేముందని అడిగితే మొదటి పేజీ గురించి చెప్పడానికి నాకు రెండు వాక్యాలకు మించి లేవు. రెండో పేజీ గురించి అడిగితే పొలం హద్దు దగ్గర మొదలుపెట్టి, మేనమామల పేర్ల మధ్య ఎడం దాకా చెప్పాలి. వాళ్లకు అంత ఓపిక ఉంటుందో లేదో తెలియదు. ఓపిక ఉన్న చోట పని దొరికితే బాగుండునని మాత్రం ఉంది. దొరికేదాకా సాయంత్రాలు ఛత్తా బజారే, అక్కడ ఇప్పుడు మాఘమాసం ముహూర్తాల కార్డులు నడుస్తున్నాయి.