నిత్యజీవితం, ప్రేరణ, ఋణం: ఎల్లారెడ్డిపేట - సిరిసిల్ల ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

చీరకు అంచును, పనిముట్టుకు ఆకారాన్ని, పుస్తకానికి ముఖచిత్రాన్ని, సినిమాకు దృశ్యరంగాన్ని నిర్ణయించే వ్యక్తిని రూపకర్త అనవచ్చు. ప్రేరణ ఎక్కడి నుంచి లభిస్తుందని అడిగితే, చుట్టూ ఉన్న జీవితం నుంచేనని ఈ వృత్తిలోని వారు తరచుగా చెబుతారు. ఆ సమాధానం సత్యమే కాని అసంపూర్ణం. చుట్టూ ఉన్న జీవితం చాలావరకు ఇతరులది. వారి శ్రమ, అలవాటు, పండుగ, అలసట అన్నీ అందులో ఉంటాయి. వాటి నుంచి తీసుకున్న రూపకర్త వారికి ఏమైనా బాకీపడతాడా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

అలంకారశాస్త్రం ఈ ప్రశ్నకు ఒక ప్రాతిపదికను అందిస్తుంది. కావ్యహేతువులను చెబుతూ మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటిని పేర్కొన్నాడు. వీటిలో నిపుణతకు ఆధారం లోకాన్ని, శాస్త్రాలను, కావ్యాలను శ్రద్ధగా పరిశీలించడం. ఆ వరుసలో లోకం మొదట నిలవడం గమనార్హం. తెలుగులో ఈ లోకపరిశీలనకు పాల్కురికి సోమనాథుడు గొప్ప ఉదాహరణ. ఆయన ద్విపదల్లో వస్త్రాల పేర్లు, ఆటలు, వృత్తులు విస్తారంగా కనిపిస్తాయి. అటువంటి సాహిత్యాధారాల నుంచే సురవరం ప్రతాపరెడ్డి ప్రజల నిత్యజీవితానికి చరిత్రను నిర్మించి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను 1949లో వెలువరించారు. అయితే కవికీ రూపకర్తకూ ఒక భేదముంది. కవి వర్ణించిన నేతకారుడు ఆ కావ్యాన్ని చదవకపోయినా కావ్యానికి లోటు లేదు. రూపకర్త చేసిన వస్తువు మాత్రం తిరిగి ఎవరో ఒకరి నిత్యజీవితంలోకే ప్రవేశిస్తుంది. ఒకరు దాన్ని కడతారు, మోస్తారు, దానితో పనిచేస్తారు. కాబట్టి రూపకర్త విషయంలో లోకం ప్రేరణ ఇవ్వడంతో ఆగదు, తీర్పు కూడా చెబుతుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో సిరిసిల్ల - కామారెడ్డి దారిలో ఉన్న ఎల్లారెడ్డిపేట మండలంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ రూపకల్పన అనే మాట అరుదుగా వినిపించవచ్చు కాని ఆ పని మాత్రం ఇంటింటా కనిపిస్తుంది. బీడీలు చేసే స్త్రీ తడిపి మెత్తబరచిన తునికాకుపై రేకుముక్కను పెట్టి కత్తిరిస్తుంది. ఏ ఆకు నుంచి ఎన్ని ముక్కలు వస్తాయో, ఈనె ఎటు పడితే చుట్ట విప్పుకోకుండా ఉంటుందో ఆమె చేతికి తెలుసు. బతుకమ్మను పేర్చే స్త్రీ తంగేడు, గునుగు, బంతి పూలను వరుస మీద వరుసగా నిలబెడుతుంది. కింద వెడల్పు ఎంత ఉండాలో, పైకి పోయేకొద్దీ ఎంత తగ్గాలో, తెల్లని గునుగుకు ఏ రంగు అద్దితే పక్క వరుస తేలుతుందో ఆమె ప్రతి ఏటా కొత్తగా నిర్ణయిస్తుంది. ఆ రూపం చెరువులో కలిసిపోతుంది. దానిపై పేరు ఉండదు, హక్కు ఉండదు.

ఈ అనామక జ్ఞానాన్ని ఆధునిక రూపకల్పనారంగం గుర్తించిన సందర్భం ఒకటుంది. భారత ప్రభుత్వ ఆహ్వానంపై దేశమంతా తిరిగిన అమెరికన్ రూపకర్తలు ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో సమర్పించిన నివేదికలో మన చెంబును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదని, తరతరాల వాడుకే దానికి ఆ ఆకారాన్ని ఇచ్చిందని వారి అభిప్రాయం. 1961లో అహ్మదాబాదులో జాతీయ రూపకల్పనా సంస్థ ఏర్పడడానికి ఆ నివేదిక ఆధారమైంది. వినయంతో కూడిన గుర్తింపే ఇది. అయినా చెంబును మెచ్చుకోవడం వేరు, ఆ చెంబుతో నీళ్లు మోసే మనిషికి జవాబుదారీగా ఉండడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తెలంగాణలోని మూడు ఉదాహరణలు స్పష్టం చేస్తాయి.

మొదటిది సిరిసిల్లదే. ఈ పట్టణానికి చెందిన నేతకారుడు నల్ల పరంధాములు అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేశారు. ఆయన కుమారుడు విజయ్ ఆ నేతను కొనసాగించారు. ఇక్కడ అగ్గిపెట్టె చీరపై బొమ్మగా రాలేదు, కొలతగా వచ్చింది. ప్రతి ఇంట్లో పొయ్యి దగ్గర ఉండే వస్తువు నూలు సన్నదనానికి హద్దు గీసింది. చూసిన వారెవరైనా ఆ హద్దును తామే పరీక్షించవచ్చు. నిత్యజీవితం ఇక్కడ అలంకారం కాకుండా ప్రమాణమైంది.

రెండవది ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసుయంత్రం. చిటికి నేతలో ఒక చీరకు కావలసిన నూలును ఆసు పోయడానికి చేతిని మేకుల మధ్య దాదాపు 9,000 సార్లు ముందుకూ వెనక్కూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి ఆయన నిత్యం చూసిన దృశ్యం. ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నం 1999లో ఫలించగా, ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఇక్కడ ప్రేరణ అందమైన దృశ్యం నుంచి రాలేదు, ఒక నొప్పిని అలవాటుగా చూసి ఊరుకోలేకపోవడం నుంచి వచ్చింది. ఎవరి జీవితం నుంచి ప్రేరణ వచ్చిందో, ఫలితం కూడా ఆ జీవితానికే చేరింది.

మూడవది చిత్రకారుడు తోట వైకుంఠం కృషి. కరీంనగర్ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టిన ఆయన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద శిక్షణ పొంది, చివరకు తన పల్లెల స్త్రీల రూపాన్నే తన చిత్రాలకు కేంద్రం చేసుకున్నారు. బి. నర్సింగరావు 'దాసి' చిత్రానికి ఆయన చేసిన కళాదర్శకత్వానికి 36వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో గౌరవం దక్కింది. గడీలోని దాసి జీవితాన్ని చూపే ఆ చిత్రంలో గోడలూ పాత్రలూ ముచ్చటైన పల్లె వస్తువులుగా మిగిలిపోతే కథకు అన్యాయం జరిగేది. అవి ఎవరి వెట్టితో మెరిశాయో కూడా చూపవలసి ఉంది. నిత్యజీవితం నుంచి తీసుకున్న అందం, అందులోని బాధను దాచకూడదన్న నియమాన్ని ఈ ఉదాహరణ సూచిస్తుంది.

తీర్పు చెప్పే లోకం ఎలా ఉంటుందో బతుకమ్మ చీరల పథకంలో కనిపించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన ఆ పథకానికి తొలి ఏడాది కొంత వస్త్రం సూరత్ నుంచి వచ్చింది. రంగు, నాణ్యతలపై స్త్రీలు బాహాటంగా అసంతృప్తి తెలిపారు. తర్వాతి ఏళ్లలో చీరలను సిరిసిల్ల సాంచాలపై నేయించి, రంగుల్లో అంచుల్లో రకాలు పెంచారు. ఆ అసంతృప్తిని కృతఘ్నతగా భావించిన వారూ ఉన్నారు. కాని ఏటా తొమ్మిది రోజులు పూలతో రంగుల పొందికను నిర్ణయించే స్త్రీకి, ఆమె పండుగ పేరుతో ఇచ్చిన చీర రంగును విమర్శించే అర్హత లేదనడం తర్కానికి నిలవదు. పండుగ పేరును తీసుకున్నప్పుడే ఆ పండుగ అభిరుచికి లోబడవలసిన బాధ్యత కూడా వచ్చింది.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు అవకాశముంది. ప్రతి ప్రేరణా ఋణమే అయితే ఎవరూ ఏదీ తీసుకోలేరు కదా అన్నది మొదటిది. ఋణమంటే నిషేధం కాదు. భాషను అందరూ పూర్వుల నుంచే తీసుకుంటారు, దాన్ని చెడగొట్టకుండా వాడడమే అక్కడ తీర్చే పద్ధతి. రూపకర్త విషయంలోనూ తాను ఎవరి నుంచి నేర్చుకున్నాడో చెప్పడం, చేసిన వస్తువును వారి ముందు పెట్టి మాట వినడం, లాభంలో వారిని మరవకపోవడం సాధ్యమైన పనులే.

రెండవ ఆక్షేపణ బలమైనది. నిత్యజీవితంలో సౌందర్యాన్ని చూడడానికి తీరిక కావాలి. వేయి బీడీలకు ఇంత అని, మీటరు గుడ్డకు ఇంత అని కూలి లెక్కించే చోట కన్ను తెగిన పోగు మీదే ఉంటుంది, అంచు అందం మీద నిలవదు. ఈ శతాబ్ది తొలి సంవత్సరాల్లో నేతన్నల ఆత్మహత్యలతో వార్తలకెక్కిన సిరిసిల్లలో ప్రేరణ గురించి మాట్లాడడం కొందరికి విలాసంగా తోచవచ్చు. ఈ ఆక్షేపణను కాదనలేం. నిజానికి ఇది పై వాదాన్నే బలపరుస్తుంది. చూసే తీరిక రూపకర్తకు దక్కిందంటే, ఆ తీరిక లేని వారు గుడ్డ నేసి, బీడీ చుట్టి లోకాన్ని నడుపుతున్నందువల్లనే. సాంచా నడిపే మనిషికి ఒక గంట ఆగి కొత్త అంచును ఊహించే వీలు కల్పించడం కూడా ఋణం తీర్చడంలో భాగమే.

నిత్యజీవితం ఎవరైనా వచ్చి కావలసింది తీసుకుపోయే గిడ్డంగి కాదు. అది ప్రమాణాన్ని ఇస్తుంది, నొప్పిని చూపుతుంది, చేసినదాన్ని పరీక్షిస్తుంది. రూపకర్త ఎంత బాగా చూశాడన్న ప్రశ్నతో పాటు, చూసినదాన్ని ఎవరికి తిరిగి చేర్చాడన్న ప్రశ్న కూడా అతని పనికి వర్తిస్తుంది. ఎల్లారెడ్డిపేటలో బతుకమ్మ పేర్చే స్త్రీ చెరువుగట్టు తంగేడును తీసుకుని, తొమ్మిదో రోజున అదే చెరువుకు అప్పగిస్తుంది. ఆ పద్ధతిని నియమంగా రాసిపెట్టినవారు లేరు. అయినా తీసుకున్నచోటికి తిరిగి చేర్చడమనే వృత్తిధర్మాన్ని రూపకర్త అక్కడ నేర్చుకోవచ్చు.