హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మోత ఆగినట్టేనా?

మొన్నటి వీడియోలో మత్స్యావతారం కథ చెప్పుకున్నాం కదా. ఆ కథ చదువుతున్న రోజుల్లోనే మా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. వీడియోలో పట్టలేదు, ఇక్కడ రాస్తున్నాను. ట్యూబ్‌లైట్ చోక్ గురించి. నవ్వకండి, కాస్త చదవండి.

మాది నక్కపల్లి. విశాఖ నుంచి తుని వెళ్లే హైవే మీద వస్తుంది. ఉపమాక వెంకన్న దర్శనానికి వెళ్లేవాళ్లకి బాగా తెలిసిన ఊరే. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికినప్పుడల్లా నేను అక్కడికి పోతాను. హాల్లో ఈశాన్యం మూల నాన్న పెట్టిన ఆక్వేరియం ఉంది. మూడడుగుల తొట్టి, నాలుగు గోల్డ్‌ఫిష్, పైన చెక్క మూత. ఆ మూత లోపల రెండడుగుల ట్యూబ్‌లైట్, దాని పక్కనే స్క్రూలతో బిగించిన పాతకాలం రాగి చోక్.

నాన్న తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి చేపల లైట్ వేస్తారు. సరిగ్గా అప్పుడే నేను జపానికి కూర్చుంటాను. స్విచ్ వేసిన క్షణం నుంచి గుయ్‌మని ఒకటే మోత. అమ్మానాన్నలకి అలవాటైపోయింది, వాళ్లకి అది వినపడదు కూడా. నాకు మాత్రం పది మంత్రాలు దాటేసరికి మనసు మంత్రం వదిలేసి ఆ గుయ్‌ని పట్టుకునేది.

మూడోరోజు నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. జపానికి హెడ్‌ఫోనా అంటారేమో! మోత పోయింది, జపం బ్రహ్మాండంగా సాగింది. లేచాక, హెడ్‌ఫోన్ చెవులమీద ఉండగానే, చేపలకి మేత వేద్దామని తొట్టి దగ్గరికెళ్లి గాజుమీద అరచెయ్యి ఆనించాను. గాజు సన్నగా వణుకుతోంది. చెవికి ఏమీ లేదు, చేతికి మాత్రం మోత అలాగే ఉంది. తీసేసిన చెయ్యి మళ్లీ పెట్టి చూశాను. అవును, వణుకుతోంది.

అసలు ఈ మోత ఎక్కడిది? చోక్ అంటే ఇనపరేకులు దొంతరగా పేర్చి రాగితీగ చుట్టిన వస్తువు. ట్యూబ్‌లోకి కరెంటు హద్దు మీరి పోకుండా ఆపడం దాని పని. మన కరెంటు 50 హెర్ట్జ్. ప్రతి చక్రంలో రెండుసార్లు ఆ ఇనుము అయస్కాంతం అవుతుంది, అయినప్పుడల్లా దాని కొలత కొద్దిగా మారుతుంది. అంటే సెకనుకి వందసార్లు వణుకు. కొత్తలో రేకుల మధ్య వార్నిష్ గట్టిగా ఉంటుంది కాబట్టి తెలీదు. ఏళ్ల తరబడి వేడికి అది ఎండిపోయి రేకులు వదులయ్యాక రొద మొదలవుతుంది. మా చోక్ చెక్కమూతకి బిగించి ఉంది కాబట్టి మూత మొత్తం వీణ బుర్రలా పనిచేస్తోంది. మూత గాజుమీద, గాజు నీళ్లమీద. గాలిలోంచి వచ్చే శబ్దం నీళ్లలోకి పెద్దగా దిగదు, నీటి ఉపరితలమే చాలావరకు తిప్పికొడుతుంది. తగిలి ఉన్న వస్తువుల ద్వారా వచ్చే వణుకు మాత్రం నేరుగా దిగుతుంది.

"ఏటిరా, చేపకి చెవులా?" అంది అమ్మ. ఉన్నాయి. బయటికి కనపడవు, తల లోపల ఉంటాయి. అందులోనూ గోల్డ్‌ఫిష్‌ది కార్ప్ కుటుంబం. దాని కడుపులోని గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది. దానివల్ల చాలా చేపలకన్నా దానికి బాగా వినపడుతుంది. ఇది కాక ఒంటికి రెండుపక్కలా ఉండే గీత ఒకటి, నీటిలో నెమ్మది కదలికల్ని పసిగట్టడానికి. చోక్ వణికే వంద హెర్ట్జ్ సరిగ్గా వాటికి తెలిసే హద్దుల్లోనే ఉంది.

పెంచి చెప్పకూడదు. 2004లో అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గోల్డ్‌ఫిష్‌ని పెద్ద శబ్దంలో ఉంచితే పది నిమిషాల్లోనే వాటి వినికిడి కొంత తగ్గింది. కానీ ఆ శబ్దం మన చోక్ మోతకి ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి మా చేపలు నరకం అనుభవిస్తున్నాయని నేను అనను. మేత వేస్తే వస్తున్నాయి, తింటున్నాయి. నన్ను కుదిపింది వేరు. నా చెవికి మోత ఆగగానే నా లెక్కలో సమస్య తీరిపోయింది. చెయ్యి అనుకోకుండా గాజుకి తగలకపోతే, ఆ జపానికి నాకు నేనే మార్కులు వేసుకుని వెళ్లిపోయేవాణ్ణి.

ఆఫీసులో దీనికి మంచి ఉదాహరణ ఉంది. అర్ధరాత్రి సర్వర్ అలర్ట్ మోగుతుంటుంది. దాన్ని మ్యూట్ చేస్తే నిద్ర పడుతుంది, సర్వర్ మాత్రం బాగుపడదు. టీమ్‌లో అందరం చేశాం ఈ పని, నేను ఎక్కువసార్లు చేశాను. కాకపోతే అక్కడ దాన్ని ఎవరూ ఆధ్యాత్మికత అనరు. ఇక్కడ మనకి ఆ సౌకర్యం ఉంది. ట్రాఫిక్ హారన్, పక్కింటి గొడవ, ఇంట్లో అమ్మ మౌనంగా పడే శ్రమ, దేన్నైనా "సాక్షిగా చూస్తున్నాను" అనేస్తే సరిపోతుంది. ప్రత్యాహారం అనే పెద్దమాట కూడా చేతిలో ఉంది.

గీత రెండో అధ్యాయం 14వ శ్లోకంలో భగవానుడు చలీ వేడీ, సుఖం దుఃఖం వచ్చిపోయేవి, ఓర్చుకో అన్నాడు. నిజమే. కానీ ఆ మాట చెప్పింది అర్జునుడికి, అతనికి కలిగే బాధ గురించి. ఎదుటివాడి బాధని నువ్వు ఓర్చేసుకో అనలేదు. ఆరో అధ్యాయం 32వ శ్లోకానికి వస్తే, అందరి సుఖదుఃఖాలనీ తనతో పోల్చి సమంగా చూసేవాడే ఉత్తమ యోగి అంటాడు. ఈ రెండూ ఒకే పుస్తకంలో, ఒకే నోట వచ్చాయి. నేను అర్థం చేసుకున్నంతలో, మోత నా ఒక్కడిదే అయితే ఓర్చుకోవడం సాధన. ఆ మోత ఇంకొకరి మీద కూడా పడుతుంటే, అదీ వాళ్లని ఆ చోట పెట్టింది మనమే అయితే, లేచి స్క్రూడ్రైవర్ అందుకోవాలి.

సత్యవ్రతుడి కథ ఇక్కడే పట్టుకుంది నన్ను. పోతన గారి భాగవతంలో అష్టమ స్కంధం చివర వస్తుంది. రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుంటే దోసిట్లోకి చిన్న చేప వస్తుంది. నదిలో వదిలేస్తే, పెద్ద చేపలు మింగేస్తాయి వద్దంటుంది. కమండలంలో పెడతాడు, తెల్లారేసరికి చాలదు. తొట్టి చాలదు, చెరువు చాలదు. ప్రతిసారీ చేప ఇరుకుగా ఉందంటుంది, ఆయన ఇంకో చోటికి మోస్తాడు. అది నారాయణుడని ఆయనకి అప్పటికి తెలీదు! "సర్దుకో" అని ఒక్కసారి కూడా అనలేదు. మన చేపలు నోరు తెరిచి ఇరుకనీ అనవు, మోతనీ అనవు. నదిలో ఉన్నవైతే మోతకి దూరంగా ఈదిపోయేవి. మూడడుగుల గాజులో ఎటు పోతాయి?

సరే, పని సంగతి. మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయ్‌ని పిలిచాను. వస్తూనే "మెయిన్ ఆపీ బాబూ, నీళ్ల పక్కన కరెంటు" అన్నారు. స్క్రూలు బిగించి కింద సైకిల్ ట్యూబు ముక్క పెడితే మోత సగం తగ్గింది. కానీ రేకులే వదులైనప్పుడు అది ఎన్నాళ్లు? "ఎల్ఈడీ పెట్టీ, చోకే ఉండదు" అన్నారు. నాన్న ఒప్పుకోలేదు, ట్యూబ్ కొత్తదట. చివరికి పాత చోకూ స్టార్టరూ తీసేసి ఎలక్ట్రానిక్ చోక్ వేశాం. అది సెకనుకి 20 వేలసార్లకి పైనే కొట్టుకుంటుంది, మన చెవికి అందదు. గోల్డ్‌ఫిష్‌కైతే నాలుగు వేలు దాటితే అసలు తెలీదు. కుక్కకి మాత్రం 40 వేల దాకా వినపడుతుంది. గుమ్మంలో పడుకునే వీధికుక్కని రెండ్రోజులు గమనించాను. దానికేం పట్టలేదు, ఎప్పటిలాగే గుర్రుపెట్టింది.

మర్నాడు నాలుగున్నరకి నాన్న స్విచ్ వేశారు. లైట్ టక్కున వెలిగింది, చప్పుడు లేదు. హెడ్‌ఫోన్ లేకుండా కూర్చున్నాను. రెండో మాల మధ్యలో ఇంకో శబ్దం వినపడింది, టర్‌ర్‌మని. ఇన్నాళ్లూ చోక్ మోత కింద దాక్కున్న ఎయిర్ పంప్. తొట్టి స్టాండు మీదే, గాజుకి ఆనుకుని ఉంది. దాన్ని ఆపలేం, చేపలకి గాలి అదే. జపం అయ్యాక వెళ్లి దాన్ని గాజు నుంచి జరిపి, కింద మెత్తటి స్పాంజి ముక్క పెట్టాను. అరచెయ్యి గాజుమీద ఆనిస్తే ఇంకా కొంచెం తెలుస్తోంది. ఆదివారం గోడకి మేకు కొట్టి, పంపుని నీటిమట్టానికి పైన వేలాడదీయాలి.