ఎవరికీ తగలని తప్పు

తూటాలను ఇంట్లోనే తయారు చేసుకోవడం అమెరికాలో చాలామందికి పాత సరదా. షూటింగ్ రేంజిలో కాల్చగా మిగిలిన ఇత్తడి తొడుగులను ఏరి తెచ్చుకుంటారు. కడిగి, ప్రెస్‌లో నొక్కి పాత కొలతకు తెస్తారు. మందును అంటించే ప్రైమర్ అడుగున ఉంటుంది, కాలిపోయినదాన్ని తీసేసి కొత్తది బిగిస్తారు. మందు తూచి పోసి, పైన గుండు కూర్చుతారు. మందు తూకం గ్రెయిన్లలో. పౌనుకు 7,000 గ్రెయిన్లు. అంటే ఒక గ్రెయిన్ గ్రాములో పదిహేనో వంతు కూడా ఉండదు. మన దేశంలో లైసెన్సు లేకుండా ఈ పని చేయడం ఆయుధ చట్టం, 1959 కింద నేరం. అక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చు.

చాలా రకాల పిస్తోలు తూటాల్లో మందు తొడుగులో సగం దాకా కూడా రాదు. పొరపాటున ఒకే తొడుగులో రెండుసార్లు పోసినా బయటికి పొర్లదు. అందుకే పని తెలిసినవాళ్లు గుండ్లు కూర్చే ముందు యాభై తొడుగుల ట్రేను దీపం కిందికి జరిపి, టార్చి వేసి, ఒక్కొక్క దానిలోకి తొంగి చూస్తారు. మందు మట్టం అన్నింట్లో ఒకేలా ఉండాలి. ఎక్కడైనా ఎత్తుగా కనిపిస్తే రెట్టింపు పడిందన్నమాట. అది పేలితే తుపాకి పగిలి చెయ్యి పోవచ్చు. అసలేమీ పడకపోయినా ముప్పే. ప్రైమర్ ఒక్కటే చిటుక్కుమని గుండును గొట్టం మధ్యదాకా నెట్టి వదిలేస్తుంది. అది గమనించకుండా ఇంకోటి పేలిస్తే గొట్టం చీలుతుంది.

ఇద్దరు ఈ పని చేస్తున్నారనుకుందాం. ఇద్దరూ టీవీలో ఆట చూస్తూనే మందు పోశారు, ఇద్దరికీ ఒక్కో తొడుగులో రెట్టింపు పడింది, ఇద్దరూ టార్చి వేసి చూడలేదు. మొదటివాడి ట్రే మోచెయ్యి తగిలి బోర్లాపడింది. విసుక్కుంటూ మళ్లీ మొదటినుంచి పోసుకున్నాడు. రెండోవాడి తూటా రేంజిలో పక్కన నిలబడ్డ కుర్రవాడి కన్ను తీసింది. రెండోవాణ్ని అందరూ తిడతారు, కోర్టు శిక్షిస్తుంది, జీవితాంతం వాడికి నిద్ర పట్టదు. మొదటివాడు తప్పు చేశాడన్న సంగతి వాడికే తెలియదు. చేసిన పని ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు దోషం ఇద్దరికీ సమానమా? ఎవరికీ ఏమీ కానప్పుడు అజాగ్రత్తను పాపమనవచ్చా?

ఇంగ్లండుకు చెందిన బెర్నార్డ్ విలియమ్స్, అమెరికాకు చెందిన థామస్ నేగెల్ 1976లో ఈ చిక్కును తత్వశాస్త్రం ముందు పెట్టారు. బ్రేకులు చూపించుకోకుండా లారీ తోలే డ్రైవరు నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకడు. రోడ్డు మీదికి పిల్లవాడు పరుగెత్తుకొస్తే అతను హంతకుడంతటివాడు. రాకపోతే మామూలు డ్రైవరు. పిల్లవాడు రావడం, రాకపోవడం అతని చేతిలో లేదు. మనిషి చేతిలో లేనిదాన్ని బట్టి అతని మంచిచెడ్డలు తేల్చడం న్యాయమేనా అన్నది నేగెల్ ప్రశ్న. న్యాయం కాదనిపిస్తుంది, కానీ అలా తేల్చకుండా ఉండనూ లేం. ఆయన ఆ ముడిని విప్పకుండానే వదిలేశాడు. మన చట్టం కూడా రెండు వైపులా ఉంది. ఎవరికీ తగలకపోయినా నిర్లక్ష్యంగా బండి నడిపితే భారతీయ న్యాయ సంహితలోని 281వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. అదే నిర్లక్ష్యానికి ప్రాణం పోతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా.

నేగెల్ ముడి వేసి వదిలినచోట సూటిగా తీర్పు చెప్పినవాడు ఒకడున్నాడు. అనంతపురం జిల్లాలో గుంతకల్లుకు దగ్గరగా కొనకొండ్ల అనే ఊరుంది. దిగంబర జైనులు తీర్థంకరుల తర్వాత అంతగా తలచుకునే కుందకుందాచార్యుడిది ఈ ఊరేనని చాలాకాలంగా వస్తున్న నమ్మకం. ఊరి పక్కన రససిద్ధుల గుట్ట మీద జైన శిల్పాలు ఇప్పటికీ ఉన్నాయి. కుందకుందుడు ప్రాకృతంలో రాసిన ప్రవచనసారంలో మునుల నడవడిని చెప్పే భాగంలో ఈ సంగతి వస్తుంది. ఎదుటి జీవి చచ్చినా బతికినా సరే, ఒళ్లు తెలియకుండా నడుచుకున్నవాడికి హింసాదోషం తప్పదంటాడు. అడుగడుగూ చూసుకుని నడిచేవాడి కాలికింద పురుగు పడి చచ్చినా, అంతమాత్రాన వాడికి కర్మబంధం లేదంటాడు. మరో జైనాచార్యుడు ఉమాస్వాతి రాసిన తత్వార్థసూత్రం హింసకిచ్చిన నిర్వచనంలో కూడా ప్రాణం తీయడం కన్నా ముందు వచ్చేది ఏమరుపాటే.

ఇంత కచ్చితమైన మాట ఇంకో మతంలో దొరకడం కష్టం. కుందకుందుడి లెక్కలో తూటాలు చేసుకున్న ఇద్దరూ ఒకే గీత మీద నిలబడతారు. కన్ను పోయిన కుర్రవాడి బాధ తక్కువని ఆయన అనడం లేదు. బోర్లాపడ్డ ట్రే మొదటివాణ్ని మంచివాణ్ని చేయలేదంటున్నాడు.

ఈ తీర్పు మరీ కఠినం, సన్యాసులకే తగును అనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ చరిత్రలో అందరూ చదివే ఒక దుర్ఘటనను చూస్తే అలా అనిపించదు. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి మోతాదు ఎన్నో రెట్లు మించి ఇచ్చింది. వాళ్లలో కనీసం ముగ్గురు ఆ దెబ్బకే చనిపోయారు. టెక్సాస్‌లోని టైలర్ ఊళ్లో జరిగింది ఇది: ఆపరేటరు ఎలక్ట్రాన్ల కోసం ‘ఈ’ నొక్కాల్సినచోట ఎక్స్‌రే తాలూకు ‘ఎక్స్’ నొక్కింది. వెంటనే గమనించి, కర్సర్‌ను పైకి జరిపి, దిద్దుకుని, చకచకా కిందికి వచ్చేసింది. యంత్రంలో అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపు చేసిన దిద్దుబాటు ప్రోగ్రాముకు అందలేదు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని మాత్రమే వచ్చింది. అలాంటి సందేశాలు రోజూ వచ్చేవే కాబట్టి, కొనసాగించమని ఆమె ఇంకో మీట నొక్కింది. లోపల బల్ల మీంచి లేవబోతున్న రోగికి రెండో దెబ్బ తగిలింది.

నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన పరిశోధనలో ఇంతకన్నా ఆలోచింపజేసే విషయం ఉంది. అదే లోపం అంతకుముందు వచ్చిన థెరాక్-20లో కూడా ఉంది. అందులో ప్రోగ్రాముతో పనిలేకుండా యంత్రాన్ని ఆపేసే విడి రక్షణలు ఉండేవి కాబట్టి ఫ్యూజులు ఎగిరేవి, అంతే. ఎగిరిన ఫ్యూజు మార్చి మళ్లీ పని మొదలుపెట్టేవారు. కొత్త యంత్రంలో ఆ రక్షణలను తీసేసి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. థెరాక్-20 కాలంలో ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎవరినీ ఎవరూ తప్పుపట్టలేదు. కానీ తర్వాతి మరణాలకు విత్తనం పడింది అప్పుడే. బోర్లాపడ్డ ట్రే లాంటి అదృష్టాన్ని ‘బాగానే నడుస్తోంది’ అని అందరూ నమ్మారు. ఎవరికీ ఏమీ కాని తప్పును తప్పుగా లెక్కించకపోతే, అయిన రోజు వరకు దాన్ని పట్టుకునే దారి లేదు. కుందకుందుడి కాఠిన్యంలో ఉన్న కరుణ ఇదేనని ఈ వ్యాసకర్త నమ్మకం.

జాగ్రత్తను నైపుణ్యంతో కలిపేయకూడదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదు షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో నడిమి చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని మళ్లీ మళ్లీ కొట్టే చెయ్యి, కన్ను, ఊపిరి ఎన్నేళ్ల సాధనో చెప్పనక్కర్లేదు. అంతటి సాధన ఉన్న అమెరికన్ షూటర్ మాథ్యూ ఎమన్స్ 2004 ఏథెన్స్‌లో యాభై మీటర్ల మూడు భంగిమల పోటీలో ఆఖరి గుండు దాకా మొదటి స్థానంలో ఉన్నాడు. 7.2 వస్తే స్వర్ణం. గుండు చక్కగా తగిలింది, పక్కవాడి లక్ష్యానికి. సున్నా ఇచ్చారు, ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. గురిలో ఏ లోపమూ లేదు. తాను ఎక్కడ గురిపెట్టానో ఒక్కసారి అంకె చూసుకోవడంలో ఉంది లోపం. ఇలాంటి మెలకువకు జైనులు ఐదు సమితులని విడి విడిగా పేర్లు పెట్టుకున్నారు. అందులో మొదటిది నడకది: నాలుగు మూరల మేర నేల చూసి అడుగు వేయాలి. నాలుగోది వస్తువును ఎత్తేటప్పుడు, దించేటప్పుడు ఉండాల్సిన జాగ్రత్త.

ఆ నాలుగోదానికి రేంజిలో ఉన్నంత కట్టుబాటు ఇంకెక్కడో గానీ కనిపించదు. లక్ష్యం దగ్గరికి ఎవరైనా నడిచి వెళ్తున్నారంటే మిగతావాళ్లంతా తుపాకులు తెరిచి బల్ల మీద పెట్టి వెనక్కి జరగాలి, ముట్టుకోకూడదు. పోటీల్లోనైతే తుపాకి ఖాళీ అని కనిపించేలా రంగు తీగ గుచ్చుతారు. ఆరిజోనాలో 1976లో గన్‌సైట్ శిక్షణాలయం పెట్టిన జెఫ్ కూపర్ నాలుగు నియమాలు చెప్పాడు. వాటిలో మొదటిది, తుపాకి ఎప్పుడూ నిండే ఉందనుకోవాలి అన్నది. ఇప్పుడే ఖాళీ చేసి చూసుకున్నది కూడా అంతే. ఆ తుపాకి మూతి మనిషి మీదుగా తిరిగితే, లోపల గుండు లేదన్నది జవాబు కాదు. మంచి రేంజిలో అక్కడికక్కడే బయటికి పంపేస్తారు. తూటా ఉందా లేదా అని కాకుండా మూతి ఎటు తిరిగిందన్నదాన్ని బట్టి తప్పు తేల్చే చోటు అది.

ఒక అభ్యంతరం తోసేయదగ్గది కాదు. జైన గృహస్థుడికి అనర్థదండ విరమణం అనే వ్రతం ఉంది: అక్కర లేని హింసకు దూరంగా ఉండడం. హింసకు పనికొచ్చే ఆయుధాన్ని ఇంకొకరికి ఇవ్వడం, ఏమరుపాటుగా తిరగడం రెండూ అందులో నిషిద్ధాలే. కాబట్టి కుందకుందుడు ఈ సరదాను మెచ్చుకునేవాడని ఎవరూ అనలేరు. జాగ్రత్తగా ఉన్నంతమాత్రాన పని మంచిదైపోదు. హంతకుడు కూడా జాగ్రత్తగానే గురిపెడతాడు. కాగితం మీద చుక్కను కొట్టే ఆటకూ ప్రాణం తీసే కోరికకూ మధ్య గీత గీయాల్సింది సంకల్పం. జాగ్రత్త ఆ గీతకు ఇవతల మొదలవుతుంది.

ఫలాపేక్ష వద్దన్న భగవద్గీతను అడ్డం పెట్టుకుని, ఏమవుతుందో తన పని కాదనేవాళ్లూ ఉన్నారు. అదే గీత పద్దెనిమిదో అధ్యాయంలో, పర్యవసానాన్నీ నష్టాన్నీ హింసనూ తన సామర్థ్యాన్నీ చూసుకోకుండా మోహంతో మొదలుపెట్టిన పనిని తామసమని తేల్చింది. తనకు రావాల్సింది ఆశించకపోవడం వేరు, ఎదుటివాడికి కలగబోయేది పట్టించుకోకపోవడం వేరు.

ఐటీ ఉద్యోగంలో ఎదిగే మనిషికి ఇది రోజూ ఎదురయ్యే సంగతి. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే లేచి నిలబెట్టినవాడికి అవార్డు వస్తుంది. పడిపోకుండా ముందే కోడ్ రివ్యూలో ఒక లైను దగ్గర ఆగి అడ్డుపడినవాడికి ‘రిలీజ్ ఆలస్యం చేస్తున్నావు’ అన్న మాట దక్కుతుంది. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటిలోనే పెట్టింది. ఎనిమిదోదాంట్లో ఎప్పుడో మూలపడ్డ పాత కోడ్ నిద్రలేచి, ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా ముంచింది. మార్కెట్ తెరిచేముందే ఆ సిస్టం 97 ఈమెయిళ్లు పంపింది, ఎవరూ పట్టించుకోలేదు. రెండో మనిషి ఒకసారి చూడాలన్న నియమం లేదు. లేని అనుభవం రెజ్యూమేలో రాసుకుని, ఇంటర్వ్యూలో ఇంకొకరి నోటితో జవాబులు చెప్పించుకుని చేరినవాడు ‘పని నడుస్తోంది కదా’ అని సర్దిచెప్పుకోవడం కూడా ఇదే కోవలోది. పని నడవడానికి కారణం తన అర్హతో, పక్కవాళ్లు మోస్తున్న బరువో అతనికే తెలియాలి.

నిష్ఠగా ఉండే జైనులు రోజూ ప్రతిక్రమణం చేస్తారు. తెలిసి చేసినవీ తెలియక జరిగినవీ, నడకలో నలిగాయేమోనన్న పురుగులతో సహా తలచుకుని ఒప్పుకోవడం అది. ఒప్పుకోవడానికి ఎవరో గాయపడి ఉండాలన్న షరతు లేదు. దానికి చాలా దగ్గరి వ్యవస్థ విమానయానంలో ఉంది. అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతున్న ఏర్పాటు కింద, త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని పైలట్లు తమంతట తాము రాసి పంపవచ్చు. పేరు బయటికి రాదు. కావాలని చేసింది కాకపోయి, పది రోజుల్లోపు రాస్తే మామూలుగా జరిమానా నుంచి కూడా కాపాడుతుంది. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో కొన్ని, సర్వర్లు పడిపోయాక ఎవరినీ నిందించకుండా కారణం రాసుకునే అలవాటు చేసుకున్నాయి. పడిపోకుండా తప్పిపోయినవాటికి రాసేవాళ్లు తక్కువ.

మనవాళ్ల విషయంలో ఇలా ఒప్పుకోవడానికి ఒక ఇబ్బంది ఉంది. డాలస్ చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు ఇంజనీర్లు వేలమంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకి గానీ ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి సమాఖ్య చట్టం. ప్రొడక్షన్ సర్వర్ తాళాలు మాత్రం మొదటి వారంలోనే చేతికి వస్తాయి. అదే వీసా మీద ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉన్న గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇంటి అప్పు, పిల్లల బడి, అక్కడే పుట్టిన బిడ్డ. అలాంటి మనిషి ‘నిన్న నేను నడిపిన స్క్రిప్టు తప్పు డేటాబేస్ మీదికి వెళ్లబోయింది, అదృష్టంకొద్దీ ఆగింది’ అని టీమ్‌లో నోరు తెరిచి చెప్పాలంటే చాలా పణంగా పెట్టాల్సి వస్తుంది. కుందకుందుడి మాట ప్రకారం తప్పు అతనిదే. కానీ దాన్ని చెప్పుకోగల చోటు కట్టాల్సింది అతని మేనేజరు, ఆ పైన ఉన్నవాళ్లు. ఆ కుర్చీల్లోనూ ఇప్పుడు తెలుగువాళ్లున్నారు.