కాయ పచ్చిగా ఉండగానే

అరకులోయ

చిన్నోడా,

మొన్న సంతలో మీ నాన్న కలిశాడు. నీ కొత్త ఫోన్ ఊసెత్తాడు, ఆ వెంటనే బయానా ఇస్తానన్న కాఫీ వ్యాపారి ఊసూ ఎత్తాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తోటలో కాయ ఇంకా పచ్చిగానే ఉంది. కార్తీకం వస్తే గానీ ఎరుపెక్కదు.

మీ తాత ట్రాన్సిస్టర్ గుర్తుందా, అటక మీద ఉండేది? 1963లో విశాఖలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు మనింట్లోకి ఆ పెట్టె వచ్చింది. సాయంత్రమైతే ఊరంతా మన అరుగు మీదే. పాటలొస్తుంటే మీ నాయనమ్మ పొయ్యి మీద జావ సంగతే మరిచిపోయేది. ఆ సంతోషాన్ని ఇప్పటికీ తప్పనను. కానీ ఆ పెట్టె పసుపు తవ్వకముందే సావుకారు ఇచ్చిన బయానాతో కొన్నది. పంటొచ్చాక ధర అతను చెప్పిందే, కాటా అతనిదే. పసుపంతా పోసినా బాకీ తీరలేదు. నన్ను ఆశ్రమ పాఠశాల మాన్పించి పోడు పనిలో పెట్టారు. నా తోటివాళ్లు పరీక్షలు రాస్తుంటే నేను చేలో పిట్టల్ని తోలాను. మళ్లీ బడికెళ్తే నాకన్నా చిన్నవాళ్ల పక్కన కూర్చోవాల్సి వచ్చింది.

మన సరుకుకు దళారులు ధర కట్టకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లో చట్టం తెచ్చారు. భూమి చేజారకుండా 1/70 చట్టం వచ్చింది. ఎన్ని వచ్చినా, ముందే డబ్బు పుచ్చుకున్నవాడు బేరమాడలేడురా. 2019లో మన అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరుకు తగ్గ ధర మన చేతికి రావాలంటే కోతనాటికి పండు మనదై ఉండాలి.

ఈ కాలం ఫోన్ దుకాణాలకు మన కోతతో పనిలేదు. పైసా కట్టకుండా పట్టుకెళ్లమంటాయి, నెలనెలా లాగుతాయి. ఏడాది తిరక్కుండానే నీ ఫోన్ పాతదైపోయిందంటాయి. 5జీ అంటున్నావట. ఇంటికొస్తే ఒక్క గీత సిగ్నల్ కోసం మిట్టెక్కుతావు కదా!

ఇక పనిమాట. బ్యాటరీ నిలవకపోతే బ్యాటరీ మార్పించు. మెమరీ నిండితే వీడియోలు తీసెయ్. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడు. అది ఏళ్ల కిందటే ఆగిపోయి ఉంటే, ఆ ఫోన్లో స్కాలర్‌షిప్ పడే ఖాతా నడపడం ప్రమాదం. అప్పుడు మార్చాల్సిందే, నేను అడ్డు చెప్పను. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5 కన్నా పాతవాటిలో వాట్సాప్ కూడా రావడం లేదు. మార్చేదేదో కాఫీ అమ్మాక, చేతిలో ఉన్న డబ్బుతో మార్చు. వాయిదాలు వద్దు. వాడిన ఫోన్ కొంటే బిల్లు అడుగు. *#06# నొక్కితే వచ్చే నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూసుకున్నాకే డబ్బివ్వు.

తోట మీద బయానా తీసుకోవద్దని మీ నాన్నకు ఈ రోజే ఫోన్ చెయ్యి. నేను చెప్తే వినలేదు. నువ్వు వద్దంటే ఆగుతాడు.

మీ పెద్దనాన్న