తీగ చురుకే, తెరే నెమ్మది

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోను ఇవ్వాలన్నది సంకల్పం. మరుసటి అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు స్తంభాలూ కూలాయి. అందుకే నెట్ నెమ్మదిస్తే శ్రీకాకుళం వాళ్లు ముందు తీగనే అనుమానిస్తారు.

తప్పు ప్రతిసారీ తీగది కాదు.

బొబ్బిలిలోనో రాజాంలోనో ఒకే వైఫైతో ఫోను చకచకా పనిచేస్తూ, కంప్యూటర్ మాత్రం భూ రికార్డులు చూపే మీభూమి పేజీ దగ్గరే ఆగిపోతుంటే, చూడాల్సింది బ్రౌజర్‌నే. 2008లో వచ్చిన క్రోమ్ ట్యాబులను చాలావరకు విడివిడిగా నడుపుతుంది. ఒకటి కూలినా మిగతావి నిలబడతాయి గానీ, అందుకు ర్యామ్ ఎక్కువ కావాలి. 4 జీబీ ర్యామ్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే చోటు చాలదు. ఆ బరువు హార్డ్ డిస్క్ మీద పడుతుంది. అసలు ఆలస్యం అక్కడే.

షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ తింటోందో క్రోమే చూపిస్తుంది. వాడని ఎక్స్‌టెన్షన్లను మొహమాటం లేకుండా తీసేయాలి. బ్రౌజర్ దాచుకునే క్యాష్‌ను రోజూ తుడిచే అలవాటు మాత్రం మానుకోవాలి, లేదంటే బొమ్మలన్నీ మళ్లీ మొదటినుంచి దిగాల్సిందే.

2023 ఫిబ్రవరిలో వచ్చిన క్రోమ్ 110 నుంచి విండోస్ 7కు కొత్త వెర్షన్లు లేవు. అలాంటి పాత కంప్యూటర్‌లో బ్యాంకు పనులు వద్దు. కాస్త కొత్తదైతే, ఫోటోలూ కాగితాలూ కాపీ చేసుకుని, హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ పెట్టిస్తే తేడా ఆ రోజే తెలుస్తుంది.