అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఒక ఆదివారం



మొన్న ఆదివారం అంతర్వేది వెళ్లొచ్చాను. వీడియోలో గుడి, బీచ్ చూపించాను కానీ, అసలు సంగతి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నిజం చెప్పాలంటే నేను భక్తితో బయల్దేరలేదు. ఆఫీసు పనితో బుర్ర వేడెక్కిపోయి, ఒక్కరోజు సముద్రం ముందు ఊరికే కూర్చుందామని వెళ్లా. హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కి, పొద్దున్నే నర్సాపురంలో దిగి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి రేవు, అక్కడి నుంచి ఆటో. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని ఇసుకలో కూర్చున్నా. గాలి బాగుంది, కొబ్బరిబోండం బాగుంది. మనసే బాగోలేదు.

నాన్నగారి ఇంటి వాటా దగ్గర మాటామాటా పెరిగి, మా అక్కతో నేను మాట్లాడి ఎనిమిది నెలలైంది.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటును అక్కడ అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. అటు నీళ్లు ఒక రంగు, ఇటు నీళ్లు ఒక రంగు. ఆ పేరు వినగానే గుండె కలుక్కుమంది.

స్థలపురాణం గుర్తొచ్చింది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు. వాడి రక్తం తడిసిన ప్రతి ఇసుక రేణువు నుంచీ ఒక రాక్షసుడు పుట్టేలా వరం. వశిష్ఠ మహర్షి మొర విని నరసింహస్వామి వచ్చినా, ఆ రక్తం నేల మీద పడుతున్నంతసేపూ యుద్ధం తెగలేదు. అప్పుడు అశ్వరూఢాంబిక నాలుక చాచి, ఒక్క చుక్క కూడా కింద పడకుండా పట్టింది. ఆవిడే గుర్రాలక్క, స్వామికి సోదరి. ఇప్పటికీ మాఘమాసం రథోత్సవంలో స్వామి తరఫున ఆవిడకి చీర, సారె ఇస్తారు.

ఆలోచించండి. అంతటి స్వామికే తోబుట్టువు సాయం కావాల్సొచ్చింది. ఆ సాయాన్ని ఆయన మర్చిపోలేదు. నాన్న పోయిన రోజు నన్ను పట్టుకుని నిలబెట్టిన అక్కని, గజాల లెక్కలో పడి నేను మర్చిపోయా.

మన గొడవలూ ఆ రక్తం లాంటివే. ఒక్క మాట జారితే పది పుడతాయి. ఆ తల్లి నాలుకతో ఆపింది, మనం నాలుకతోనే పెంచుతాం.

అక్కడి నుంచే ఫోన్ చేశా. "అక్కా, అంతర్వేదిలో ఉన్నా" అన్నా. కాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత, "ఏమైనా తిన్నావారా?" అంది.

వాటా సంగతి ఇంకా తేలలేదు. అయినా ఆ రాత్రి రైల్లో హాయిగా నిద్రపట్టింది.

మీకూ అలా ఆగిపోయిన ఫోన్ ఒకటి ఉంటే, ఈ వారం చేసేయండి. తప్పెవరిదో తర్వాత చూసుకోవచ్చు.

జై లక్ష్మీనరసింహ!